ఒక్క ఓటమికే ఇంటికి పంపకండి

జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో పాఠశాలల ఫుట్‌బాల్ ఎంపిక పోటీలు నిర్వహించే పెద్దలకు,

నమస్కారం.

బడులు తెరిచారు. నేడో రేపో బడి జట్లు ఆడే సుబ్రతో ఫుట్‌బాల్ కప్పు అర్హత పోటీల సర్క్యులర్ వస్తుంది. విశాఖలో ఏదో ఒక మైదానంలో సున్నం గీతలు పడతాయి, షామియానా లేస్తుంది, బల్ల మీద స్టీలు గిన్నెలో చీటీలు వేసి తీస్తారు. ఆ చీటీలు తీయకముందే మీ చెవిన ఒక మాట వేయాలని ఈ లేఖ. తీశాక ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు. అప్పుడిక అందరూ ఎండనో, వాననో, రిఫరీనో తిట్టుకుంటూ కూర్చుంటారు. నేను రిఫరీని. ఆ తిట్లలో నా వాటా ఏటా నాకు అందుతూనే ఉంది.

అడుగుతున్నది ఒక్కటే. వచ్చిన ప్రతి జట్టుకూ కనీసం మూడు మ్యాచ్‌లు ఆడే అవకాశం ఇవ్వండి. మొదటి రోజు నుంచే నాకౌట్ పెట్టి, ఓడినవాళ్లను ఆ పూటే బస్సెక్కించే పద్ధతి మానండి.

మ్యాచ్‌కు ఇంతని భత్యం పుచ్చుకునేవాడు మ్యాచ్‌లు పెంచమంటున్నాడంటే ఎందుకో తెలియదా అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. ఆ అనుమానం తీరే ఏర్పాటు కూడా కింద రాశాను.

భారత వైమానిక దళానికి అధిపతి అయిన తొలి భారతీయుడు ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ పేరుతో 1960లో మొదలైన పోటీ ఇది. దీన్ని అంతర్జాతీయ పోటీ అనడం ఊరికే కాదు. బంగ్లాదేశ్, నేపాల్, అఫ్గానిస్థాన్ బడుల జట్లు వచ్చి మన పిల్లలతో ఆడాయి. మన రాష్ట్రంలో గెలిచిన జట్టు తుది పోటీలకు వెళ్తే అక్కడ ఎదురయ్యేది ఏమిటి? ముందు గ్రూపులు, గ్రూపులో ప్రతి జట్టూ మిగతావాటన్నిటితో ఆడే లీగ్ మ్యాచ్‌లు, ఆ తర్వాతే నాకౌట్. అంటే మనం నాకౌట్‌లో నెగ్గినవాళ్లను ఏరి, లీగ్ ఆడటానికి పంపుతున్నాం. గోల్ తేడా ఎలా కాపాడుకోవాలి, ఏ మ్యాచ్‌లో డ్రా చాలు, రేపటి మ్యాచ్ కోసం ఈ రోజు ఎవరిని దించేయాలి అన్న ఆలోచన ఆ పిల్లలకు అక్కడికి వెళ్లాకే మొదలవుతుంది. అప్పటికి రెండు మ్యాచ్‌లు అయిపోయి ఉంటాయి.

ప్రపంచంలో పెద్ద పోటీలేవీ పిల్లలతో ఇంత కఠినంగా ఉండవు. 2025లో ఖతర్‌లో జరిగిన 17 ఏళ్లలోపు ప్రపంచ కప్‌లో 48 దేశాలు ఆడాయి. అంతమంది వచ్చారు కదా అని నాకౌట్ పెట్టేయలేదు. నాలుగేసి జట్లతో పన్నెండు గ్రూపులు చేశారు, మొత్తం 104 మ్యాచ్‌లు ఆడించారు. చిట్టచివరి జట్టు కూడా మూడు మ్యాచ్‌లు ఆడే ఇంటికి వెళ్లింది. స్వీడన్‌లో 1975 నుంచి జరుగుతున్న గోథియా కప్ ఇంకో మెట్టు పైన ఉంది. అక్కడ గ్రూపులో మూడు, నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లకు కూడా వేరే నాకౌట్ పెడతారు. ఓడినవాళ్లకూ ఆడుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది. పంజాబ్‌కు చెందిన మినర్వా అకాడమీ పిల్లలు 2023లో ఆ పోటీలో కప్పు గెలుచుకొచ్చారు. కాబట్టి ఇదంతా తెల్లవాళ్ల ముచ్చటని కొట్టిపారేయనక్కర్లేదు.

అంతదూరం ఎందుకు, మన జట్టు సంగతే చూడండి. 2025 నవంబరులో అహ్మదాబాద్‌లో 17 ఏళ్లలోపు ఆసియా కప్ అర్హత పోటీలు జరిగాయి. ఐదు జట్ల గ్రూపు. మనవాళ్లు పాలస్తీనాతో డ్రా చేసుకున్నారు, చైనీస్ తైపీ మీద గెలిచారు, లెబనాన్ చేతిలో 0-2తో ఓడారు. మన జిల్లా పద్ధతే అక్కడా ఉంటే ఆ సాయంత్రమే సామాన్లు సర్దుకోవాలి. లీగ్ కాబట్టి ఇంకో మ్యాచ్ మిగిలింది. ఎదుట ఇరాన్. మొదట గోల్ ఇచ్చుకుని కూడా 2-1తో గెలిచి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో మీవీ ఉన్నాయి, నావీ ఉన్నాయి. జాతీయ జట్టుకు దక్కిన ఆ రెండో అవకాశం పాడేరు నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఎందుకు దక్కకూడదో మీరే చెప్పాలి.

ఇప్పుడు మన దగ్గర ఏం జరుగుతుందో, మైదానం మధ్యలో నిలబడి చూసేవాడిగా చెబుతాను.

ఏజెన్సీ నుంచి ఒక జట్టు వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం బయలుదేరి, ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో దిగి, రాత్రి ఒక బడి తరగతి గదిలో బెంచీలు పక్కకు జరుపుకుని పడుకున్నారు. పొద్దున ఎనిమిదికి మైదానంలో ఉండమన్నారు, ఉన్నారు. ప్రారంభోత్సవానికి రావలసిన అతిథి ఆలస్యం. వచ్చాక ప్రసంగాలు. మన ప్రారంభోత్సవాల్లో మాట్లాడే ప్రతివారికీ రహీం సాబ్ గుర్తొస్తారు. హైదరాబాద్‌లో బడిపంతులుగా ఉండి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కోచ్‌గా భారత జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన మనిషి, గుర్తురావలసిందే. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన కప్పును పంచుకున్న మన జట్టుకు హైదరాబాదీ షబ్బీర్ అలీ కెప్టెన్ అన్న మాట కూడా వస్తుంది. అన్నీ నిజాలే. గంట గడిచింది. పిల్లలు ఎండలో వరసగా నిలబడి విన్నారు. ఆ జట్టు మ్యాచ్ మొదలయ్యేసరికి పదకొండు దాటింది. ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు. గోల్ పడలేదు. నేరుగా పెనాల్టీలు. ఓడిపోయారు. ప్రసంగాలంత సేపు కూడా వాళ్ల ఆట సాగలేదు.

మ్యాచ్ అయ్యాక వాళ్ల వ్యాయామ ఉపాధ్యాయుడు చొక్కాలు లెక్కపెట్టి సంచిలో వేస్తున్నారు. చెమటకు తడిసి, మట్టి కొట్టుకుపోయిన చొక్కాలు ఒక పక్క. మడత నలగని చొక్కాలు ఇంకో పక్క. బెంచీ మీద కూర్చున్న పిల్లలు వాటిని తొడుక్కున్నారు, విప్పి మళ్లీ మడతపెట్టి ఇచ్చారు. అంతే తేడా. పదిహేనో నంబరు చొక్కా ఇచ్చిన పిల్లవాడు దాన్ని ఇస్త్రీ చెదరకుండా రెండు చేతులతో పట్టుకుని మరీ అందించాడు. వాడికి బంతి తగలనే లేదు. ఆ మాస్టారి తప్పు అందామా? ఒక్క మ్యాచ్ ఓడితే అన్నీ పోయేచోట బెంచీ మీది పిల్లవాణ్ణి దించే ధైర్యం ఎవరికి ఉంటుంది? తర్వాత వాళ్లు సముద్రం చూడటానికి బీచ్‌కు వెళ్లారని విన్నాను. ఇంత ఖర్చుపెట్టి వచ్చినందుకు ఏదో ఒకటి చూపించాలి కదా అన్నారట మాస్టారు.

నాకౌట్ వల్ల జరిగే నష్టం ఓడిన జట్లతో ఆగదు. ఆట తీరునే చెడగొడుతుంది. ఓడితే ఇంటికే అన్నప్పుడు ఉపాధ్యాయులు ముందుగా చూసేది పొడుగు, ఒళ్లు. కాలితో బంతిని లాలించగల సన్నటి కుర్రాడు పక్కన కూర్చుంటాడు, బలంగా తన్నగలిగినవాడు వెనక నిలబడతాడు. బంతి గాల్లోనే ఉంటుంది. నేను తల పైకెత్తి ఈల ఊదుతూ ఉంటాను. వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది కాబట్టి జనవరిలో పుట్టినవాడికీ అదే ఏడు డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. పద్నాలుగేళ్ల ప్రాయంలో ఏడాది అంటే కొన్ని అంగుళాలు. పిల్లల జట్లలో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఎంపికవుతారన్నది చాలా దేశాల్లో, చాలా ఆటల్లో తేలిన విషయం. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడికి ఆ పోటీలో నిలవడానికి కావలసింది మైదానంలో నిమిషాలు. మన పద్ధతి మొట్టమొదట కోసేది ఆ నిమిషాలనే.

మ్యాచ్ ఒకటైతేనేం, ప్రతిభ ఉన్నవాడు కనబడకపోతాడా అని మీలో ఒకరు నాతో అన్నారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా అన్నారు. ఒకే కుండలో, ఒకే మంట మీద ఉడికిన మెతుకులకు ఆ సామెత సరే. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాడూ, నాలుగు వీధుల అవతల అమ్మ పెట్టిన ఇడ్లీ తిని వచ్చినవాడూ ఒకే కుండలోవారు ఎలా అవుతారు?

పెనాల్టీల గురించి ఒక ముక్క. డ్రా అయిన మ్యాచ్‌ను పెనాల్టీలతో తేల్చే షూటౌట్ అనేది ఆట నిబంధనల్లోకి వచ్చిందే 1970లో. అంతకు ముందు 1968 యూరో కప్ సెమీఫైనల్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ జట్లు గోల్ లేకుండా ముగిస్తే నాణెం ఎగరేసి ఇటలీని ఫైనల్‌కు పంపారు. దానికన్నా షూటౌట్ నయమే, కాదనను. కానీ అది ఇక వేరే దారి లేని చోట వాడే ఉపాయం. తొలి రోజు తొలి మ్యాచ్‌లోనే, అదనపు సమయం కూడా ఇవ్వకుండా, పద్నాలుగేళ్ల గోల్‌కీపర్ మెడకు దాన్ని చుట్టడం అన్యాయం. డ్రాకు ఒక పాయింటు ఇచ్చి రేపు రమ్మంటే సరిపోయే విషయం.

ఇక లెక్క. మీరు ముందు అడిగేది అదే కాబట్టి వివరంగా రాస్తున్నాను. పదహారు జట్లు వచ్చాయనుకుందాం. నాకౌట్ అయితే 15 మ్యాచ్‌లు, అందులో ఎనిమిది జట్లు మొదటి రోజే ఇంటికి. నాలుగు గ్రూపులు చేస్తే గ్రూపుకు ఆరు చొప్పున 24, గ్రూపుల్లో మొదటి స్థానం వచ్చినవాళ్లకు రెండు సెమీఫైనళ్లు, ఒక ఫైనల్, మొత్తం 27. అదనంగా పన్నెండు మ్యాచ్‌లు. రెండు మైదానాలు చాలు. పొద్దున ఆరున్నరకు ఒకటి, ఏడు ముప్పావుకు ఒకటి. సాయంత్రం మూడు ముప్పావుకు ఒకటి, అయిదుకు ఒకటి. సగానికి ఇరవై అయిదు నిమిషాల ఆట. రోజుకు నాలుగు వేళలు, నాలుగు గ్రూపులు. ఒక్కో గ్రూపు మ్యాచ్‌లు రెండూ రెండు మైదానాల్లో ఒకే వేళకు జరుగుతాయి. మూడు రోజుల్లో గ్రూపులు పూర్తి, నాలుగో రోజు సెమీఫైనళ్లు, ఐదో రోజు పొద్దున ఫైనల్. రెండు మ్యాచ్‌లూ ఒకే వేళకు పెట్టడం సొగసు కోసం కాదు. 1982 ప్రపంచ కప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా జట్లు అవతలి మ్యాచ్ ఫలితం ముందే తెలిసి, ఇద్దరికీ పనికొచ్చే 1-0 స్కోరు దగ్గర ఆట చాలించి బంతిని అటూ ఇటూ దొర్లించుకున్నాయి. గ్రూపులో చివరి మ్యాచ్‌లు ఒకేసారి ఆడించడం ఆ తర్వాతే రివాజైంది. మన బడుల మధ్య అంత లౌక్యం లేదని అనుకునేరు. ఉంది.

మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లంటే పిల్లలు అలిసిపోరా అని అడుగుతారు. ఇప్పుడు గెలుస్తున్న జట్టు పొద్దున క్వార్టర్ ఫైనల్, మధ్యాహ్నం సెమీఫైనల్ ఆడుతోంది. అలసట గురించి బెంగ ఉంటే ముందు దాన్ని ఆపాలి. పైగా ఫుట్‌బాల్ నిబంధనలే పిల్లల పోటీల్లో ఆట నిడివి తగ్గించుకోవడానికి, బయటికి వచ్చిన ఆటగాణ్ణి మళ్లీ దించడానికి వీలు ఇస్తున్నాయి. ఆ వీలు వాడుకోవచ్చని సర్క్యులర్‌లో ఒక్క వాక్యం చేర్చండి, పదిహేనో నంబరు చొక్కా నలుగుతుంది.

పొద్దున, సాయంత్రమే ఎందుకంటున్నానో విశాఖవాసులకు చెప్పనక్కర్లేదు. ఉష్ణమాపకం 33 చూపిస్తుంది. పేపర్లో చూసినవాళ్లు విజయవాడకన్నా నయమే అనుకుంటారు. సముద్రం మీది తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే ఫుట్‌బాల్‌లో ఉత్త ఉష్ణోగ్రతను కాక, తేమను, ఎండ తీవ్రతను, గాలిని కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ లెక్కను వాడతారు. అది 32 డిగ్రీలు దాటితే ఒక్కో సగంలో ఆట ఆపి చల్లబడే విరామం ఇవ్వాలన్నది ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పెట్టిన హద్దు. అదీ సంవత్సరమంతా శిక్షణలో ఉండే పెద్దవాళ్లకు. మనం పదకొండున్నరకు పిల్లల్ని దించి, సగం మధ్యలో నీళ్ల సీసా విసిరితే రిఫరీ ఆట ఆలస్యం చేస్తున్నాడని అరుస్తాం.

డబ్బు ఎక్కడిదంటారు. పదహారు జట్లను ఇంకో రెండు, మూడు రోజులు ఉంచి అన్నం పెట్టాలి, నిజమే. కానీ ఈ ఊళ్లో మైదానాలకు కరువు లేదు. రైల్వే, పోర్టు, స్టీల్ ప్లాంటు, విశ్వవిద్యాలయం, నౌకాదళం, ఎవరికి వారికి మైదానం ఉంది. ఒకప్పుడు ఉద్యోగాలిచ్చి మరీ ఫుట్‌బాల్ జట్లను పోషించిన సంస్థలు వీటిలో ఉన్నాయి. వాళ్లను అడిగేది కప్పులకు, ఫ్లెక్సీలకు కాకుండా మూడు పూటల భోజనానికి అడగండి. శాలువాలు, జ్ఞాపికలు మానేస్తే ఎంత మిగులుతుందో మీకే బాగా తెలుసు. నా సంగతి ముందే చెబుతానన్నాను: లీగ్ పెట్టిన ఏడాది అదనపు మ్యాచ్‌లకు నాకు భత్యం వద్దు. తోటి రిఫరీలను ఇలా ఒప్పించే హక్కు నాకు లేదు, వాళ్లది వాళ్లకు ఇవ్వండి. వాళ్లలో చాలామందికి అది పెట్రోలు ఖర్చు.

అమ్మాయిల విభాగం ఇంకా దయనీయం. వచ్చేదే నాలుగైదు జట్లు. నాకౌట్‌లో ఒక పూటకు తేలిపోతుంది, పదింటికల్లా ప్రైజులు. నాలుగు జట్లే ఉంటే లీగ్‌కు అంతకన్నా అనువైన సంఖ్య లేదు కదా! అందరూ అందరితో ఆడతారు, ఆరు మ్యాచ్‌లు, మూడు పొద్దులు. 2025 అక్టోబరులో మన 17 ఏళ్లలోపు అమ్మాయిలు ఉజ్బెకిస్థాన్‌ను ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. 2022లో ఆ వయసు అమ్మాయిల ప్రపంచ కప్ మ్యాచ్‌లు భువనేశ్వర్‌లో జరిగాయి, రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగే ఊరు. 2017లో అబ్బాయిల ప్రపంచ కప్‌ను ఆరు నగరాల్లో ఆడించినప్పుడూ మన రెండు రాష్ట్రాల్లో ఒక్క మైదానం లేదు. పెద్ద పోటీలు మన దగ్గరికి రానందుకు ఎవరినో నిందించే ముందు, మన చేతిలో ఉన్న చిన్న పోటీలను ఎలా నడుపుతున్నామో చూసుకోవాలి. అమ్మాయిలు ఆడే చోట బట్టలు మార్చుకునే గది, నీళ్లు వచ్చే మరుగుదొడ్డి ఉండాలని విడిగా రాయవలసి రావడమే సిగ్గుగా ఉంది. రాస్తున్నాను.

జట్లు పేరిచ్చి రావడం లేదని, ఫిక్చర్ (మ్యాచ్‌ల పట్టిక) పాడవుతోందని మీరు అనే మాటలో నిజం ఉంది. ఎందుకు రావడం లేదో కూడా ఆలోచించండి. తేదీ మూడు రోజుల ముందు చెబుతారు. ఒక్క మ్యాచ్ కోసం అంతదూరం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఏ హెడ్మాస్టరు అనుమతి ఇస్తారు? లీగ్‌లో ఒక జట్టు ఎగ్గొట్టినా గ్రూపులో మిగిలిన మూడింటికి తలా రెండు మ్యాచ్‌లు దక్కుతాయి. నాకౌట్‌లో ఎగ్గొడితే ఎదుటి జట్టు ఆడకుండానే తర్వాతి రౌండుకు వెళ్తుంది. ఆడకుండా గెలిచి రాష్ట్ర స్థాయికి చేరిన జట్లను కూడా చూశాను.

వయసు ధ్రువపత్రాల తనిఖీని చీటీలు తీయకముందే, జట్లన్నీ చూస్తుండగా ముగించండి. సెమీఫైనల్ అయ్యాక ఫిర్యాదు రావడం, గెలిచిన జట్టును తప్పించడం, అప్పటికే ఇంటికి వెళ్లిపోయిన జట్టుకు ఫోను చేసి వెనక్కి రమ్మనడం, ఇవన్నీ మనకు కొత్త కావు.

నాలుగు గ్రూపుల ఫిక్చర్, వేళలు, రెండు మైదానాలకు రిఫరీల కేటాయింపు ఒక కాగితం మీద గీసి ఉంచాను. సాయంత్రం ఆడిన జట్టుకు మర్నాడు పొద్దున మ్యాచ్ పడకుండా కూడా చూశాను. పన్నెండు జట్లు వస్తే ఎలా, ఇరవై వస్తే ఎలా అన్నది వెనక వైపు రాసి ఉంది. ఈసారి సమావేశం ఎప్పుడో చెబితే పట్టుకుని వస్తాను. రాష్ట్రమంతటా ఒక్కసారే మార్చడం కష్టమంటే ఈ ఏడాది విశాఖ జిల్లా స్థాయి వరకైనా, 17 ఏళ్లలోపు విభాగాల్లోనైనా పెట్టి చూడండి. తేదీలు మాత్రం కనీసం రెండు వారాల ముందు బడులకు చేరేలా పంపండి.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ రిఫరీ,
విశాఖపట్నం